వెబ్ పేజీ ఎడిటర్‌లో లింకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కడియపులంకలో మొక్కల నర్సరీ, ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం, నరసాపురంలో లేసు అల్లికలు, భీమవరం పక్కన రొయ్యల మేత డీలర్‌షిప్. ఇలాంటివాళ్లలో చాలామంది ఇప్పుడు తమ వెబ్‌సైటు తామే సర్దుకుంటున్నారు, లేదంటే ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లల చేత సర్దిస్తున్నారు. పేజీ వరకూ బాగానే తయారవుతోంది. గొడవంతా లింకుల దగ్గరే. అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయని ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

ఉదాహరణల్లో ఫైళ్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో రాశాను. అసలు ఫైళ్లకు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి.

## మొదలుపెట్టే ముందు

ఏ సాఫ్ట్‌వేర్ అయితే లింకులతో తలనొప్పి తక్కువండి?

వెబ్ పేజీలు తయారుచేసే ఎడిటర్లు రెండు రకాలు. డ్రీమ్‌వీవర్ లాంటివి సైటు మొత్తాన్ని ఒక్కటిగా చూస్తాయి. ఏ పేజీ నుంచి ఏ పేజీకి లింకు ఉందో వాటికి తెలుసు కాబట్టి ఒక ఫైలు కదిపితే మిగతావి సరిచేయమంటారా అని అడుగుతాయి. కాకపోతే దానికి చందా కట్టాలి. సీమంకీ కంపోజర్ లాంటి ఉచిత ఎడిటర్లు ఏ పేజీ తెరిస్తే ఆ పేజీనే చూస్తాయి, మిగతాది మీరే గుర్తుపెట్టుకోవాలి. ఫ్రంట్‌పేజ్ ఇంకా వాడుతున్నవాళ్లు అక్కడక్కడ తగులుతుంటారు. దాని ఆఖరి వెర్షన్ 2003ది, మైక్రోసాఫ్ట్ 2006లో ఆపేసింది. దాన్ని ఇక వదిలేయండి.

పది పేజీల లోపు సైటుకు ఉచిత ఎడిటరే చాలని నా అభిప్రాయం. అంతకు మించితే సైటు మొత్తాన్ని చూసేది గానీ, బ్రౌజర్‌లోంచే సైటు నడుపుకునే వర్డ్‌ప్రెస్ గానీ ఎంచుకోండి.

లింకు పెట్టాలంటే కోడ్ నేర్చుకోవాలా?

అక్కర్లేదు గానీ లింకులో ఏముంటుందో ఒక్కసారి చూసి ఉంచుకోవడం మంచిది. ప్రతి లింకులోనూ రెండే ఉంటాయి: చదివేవాళ్లకు కనిపించే మాట, నొక్కితే వెళ్లాల్సిన చిరునామా. ఆ చిరునామా కోడ్‌లో హెచ్‌రెఫ్ అనే చోట, కోట్ గుర్తుల మధ్య ఉంటుంది. ఎడిటర్‌లో కోడ్ చూపించే సోర్స్ వ్యూ తెరిచి ఆ కోట్ల మధ్య ఏముందో చదివితే పనిచేయని లింకుల్లో చాలావాటి జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1990లో రాసిన మొట్టమొదటి బ్రౌజర్‌లోనే ఎడిటర్ కూడా ఉండేది. మాటను ఎంచుకుని మెనూలోంచి లింకు కలపడం అప్పటి పద్ధతే, ఇవాళ్టికీ అదే నడుస్తోంది.

ఫోల్డర్లు ఎలా పెట్టుకోమంటారు?

సైటుకంతా ఒకే ఒక్క ఫోల్డర్. పేజీలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు అన్నీ దాని లోపలే ఉండాలి. డెస్క్‌టాప్ మీద ఒక ఫొటో, డౌన్‌లోడ్స్‌లో ఒక పీడీఎఫ్, పెన్‌డ్రైవ్‌లో ఇంకోటి ఉంచి వాటికి లింకులు ఇవ్వకండి. ముందు ఫైలును సైటు ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, పేరు సరిచేయండి, ఆ తర్వాతే లింకు పెట్టండి. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికి రావాలి. డ్రీమ్‌వీవర్ వాడుతుంటే 'న్యూ సైట్'లో ఈ ఫోల్డర్‌నే చూపించండి. అలా చూపించకపోతే లింకులు కనిపెట్టుకునే పని అది చేయలేదు.

ఫైలు పేరు తెలుగులో పెట్టకూడదా?

పెట్టొచ్చు, ఇప్పటి బ్రౌజర్లు తెరుస్తాయి కూడా. కానీ ఆ లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. 'గోదావరి'లో గుణింతపు గుర్తులతో కలిపి ఏడు సంకేతాలు ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క మాటే 63 అక్షరాల చాంతాడైపోతుంది.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. తెలుగు కీబోర్డులు కొన్నిచోట్ల పొల్లును విడదీయడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య గుర్తును చొప్పిస్తాయి. ఫైలు పేరులో అది ఉండి, లింకులో లేకపోతే రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, లింకు మాత్రం తెరుచుకోదు. పేజీలో తెలుగు ఎంతైనా రాసుకోండి, ఫైలు పేరు మాత్రం ఇంగ్లిష్‌లో పెట్టండి. మాటల మధ్య ఖాళీ బదులు చిన్న గీత పెట్టండి. ఖాళీ వదిలితే అది చిరునామాలో %20గా మారి చూపుకు చికాకుగా ఉంటుంది.

## లింకు పెట్టేటప్పుడు

పూర్తి వెబ్ చిరునామా ఇవ్వాలా, ఫైలు పేరు ఒక్కటే చాలా?

మీ సైటు లోపలి పేజీలకు ఫైలు పేరు చాలు. బయటి సైట్లకు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి చిరునామా ఇవ్వాలి. ఊళ్లోవాళ్లకు దారి చెప్పేటప్పుడు 'కాలవ దాటగానే రెండో ఇల్లు' అంటాం, హైదరాబాద్ నుంచి పార్సిల్ రావాలంటే పిన్‌కోడ్ దాకా రాస్తాం, అంతే తేడా.

దారి చెప్పే పద్ధతిలో మీరు ఎక్కడ నిలబడి చెబుతున్నారన్నది ముఖ్యం. నర్సరీ సైటులో 'మొక్కలు' అనే లోపలి ఫోల్డర్ ఉంది, అందులో మామిడి పేజీ ఉంది అనుకుందాం. మొదటి పేజీ నుంచి దానికి లింకు ఇస్తే 'మొక్కలు/మామిడి' అని ఉండాలి. అదే ఫోల్డర్‌లో ఉన్న కొబ్బరి పేజీ నుంచి అయితే ఉత్త 'మామిడి' చాలు. మామిడి పేజీ నుంచి బయట ఉన్న సంప్రదింపుల పేజీకి రావాలంటే ముందు '../' ఉండాలి. ఆ రెండు చుక్కలూ గీతా కలిసి 'ఒక ఫోల్డర్ పైకి రా' అని చెబుతాయి. రెండు మెట్లు ఎక్కాలంటే '../../'. వీటిని చేత్తో టైప్ చేయకండి. ఎడిటర్‌లో ఫోల్డర్ గుర్తు నొక్కి ఫైలును చూపిస్తే అదే రాసుకుంటుంది.

ఒక్క '/' తో మొదలయ్యే మూడో రకం కూడా ఉంది. అది ఏ పేజీలో ఉన్నా సైటు మొదటి నుంచి లెక్కపెడుతుంది, కాబట్టి మెనూలకు బాగుంటుంది. అయితే సర్వర్ మీదే పనిచేస్తుంది. ఇంట్లో ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే పనిచేయదు. చెడిపోయిందని కంగారు పడొద్దు.

లింకులో నా సీ డ్రైవ్, యూజర్ పేరు అన్నీ వచ్చేశాయి. ఎందుకండి?

కొత్త పేజీని సేవ్ చేయకుండానే లింకు పెట్టి ఉంటారు. పేజీ ఎక్కడ ఉందో ఎడిటర్‌కు తెలియదు కాబట్టి, 'ఫైల్' అనే మాటా మూడు గీతలతో మొదలయ్యే మీ కంప్యూటర్ దారి మొత్తం రాసేస్తుంది. అది మీ ఒక్కరికే తెరుచుకుంటుంది. ముందు పేజీని సైటు ఫోల్డర్‌లో సేవ్ చేసి, ఆ లింకు తీసేసి మళ్లీ పెట్టండి. సీమంకీ కంపోజర్‌లో లింకు పెట్టె కింద, పేజీని బట్టి చిరునామా రాయమనే చిన్న గడి ఉంటుంది. పేజీ సేవ్ అయ్యాకే దానికి టిక్ పెట్టనిస్తుంది.

లింకు మాటను ఎంతవరకు సెలెక్ట్ చేయాలి? 'ఇక్కడ నొక్కండి' అని పెడితే చాలదా?

చాలదు. చూపు లేనివాళ్లు తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లతో పేజీలోని లింకులన్నిటినీ జాబితాగా వినొచ్చు. అప్పుడు 'ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి' అని వినిపిస్తే ఏది దేనికో ఎలా తెలుస్తుంది? లింకు ఎక్కడికి వెళ్తుందో అర్థమయ్యేలా ఉండాలని వెబ్‌సైట్లు వికలాంగులకూ పనికొచ్చేలా రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు మొదటి స్థాయిలోనే చెబుతున్నాయి. 'బెల్లం పూతరేకుల ధరలు' అని పెట్టండి. సెర్చ్ ఇంజిన్‌కు కూడా ఆ మాటలే పనికొస్తాయి.

తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది కాబట్టి 'ధరల పట్టికలో' అని రాస్తే 'లో'ను కూడా కలిపే లింకు చేయండి. మాట మధ్యలో కోస్తే గీత సగంలో ఆగి అసహ్యంగా ఉంటుంది, ఒత్తు దగ్గర కోస్తే అక్షరమే విరిగిపోవచ్చు. డబుల్ క్లిక్‌తో సెలెక్ట్ చేస్తే కొన్నిసార్లు మాట తర్వాతి ఖాళీ కూడా కలిసి వస్తుంది. దాన్ని వదిలించండి.

ఒకే పెద్ద పేజీలో పైనుంచి కిందికి దూకించాలి. ఎలా?

దిగాల్సిన చోట ఒక గుర్తు పెట్టి, లింకులో # తర్వాత ఆ గుర్తు పేరు ఇవ్వాలి. ఎడిటర్లలో దీన్ని యాంకర్ అనో, ఐడీ అనో అంటారు. పేరులో ఖాళీలు ఉండకూడదు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకుంటుంది. ఒక పేరు పేజీలో ఒక్కసారే రావాలి. పాత ఎడిటర్లు ఇందుకు 'నేమ్' అనే లక్షణాన్ని వాడేవి. అవి ఇప్పటికీ పనిచేస్తాయి గానీ కొత్తగా పెట్టేవాటికి ఐడీయే వాడండి. పైన కదలని మెనూ ఉన్న సైట్లలో దూకాక శీర్షిక ఆ మెనూ కింద దాక్కుంటుంది. ఆ శీర్షికకు పేజీ రూపాన్ని సర్దే సీఎస్ఎస్ కోడ్‌లో స్క్రోల్-మార్జిన్-టాప్ అని మెనూ ఎత్తు ఇస్తే బయటికి వస్తుంది.

నొక్కగానే ఫోన్ వెళ్లాలి, వాట్సాప్ తెరుచుకోవాలి. అదెలా?

ఈ వైపు వ్యాపారాలకు అన్నిటికన్నా పనికొచ్చే లింకు ఇదే. ఫారం నింపేవాళ్లకంటే ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. చిరునామా గడిలో 'టెల్' అని ఇంగ్లిష్‌లో రాసి, కోలన్ పెట్టి, +91తో నంబరు ఇవ్వండి. ముందు సున్నా వద్దు, మధ్యలో ఖాళీలు వద్దు. దేశం కోడ్ లేకపోతే గల్ఫ్ నుంచో అమెరికా నుంచో చూసే మన కోనసీమవాళ్లకు కాల్ కలవదు.

వాట్సాప్‌కు డబ్ల్యూఏ.ఎంఈ అనే చిరునామా తర్వాత గీత పెట్టి నంబరు ఇవ్వాలి. ఇక్కడ 91 ఉండాలి, + మాత్రం ఉండకూడదు. ఫోన్ లింకుకూ దీనికీ అదే తేడా, చాలామంది తప్పేది అక్కడే. ఈమెయిల్‌కు 'మెయిల్‌టు' అని రాసి, కోలన్ పెట్టి చిరునామా ఇవ్వండి. అన్నీ పెట్టాక వేరే ఫోన్లోంచి నొక్కి చూడండి, మీ ఫోన్లోంచి మీ నంబరుకే చేస్తే ఏమీ తేలదు.

ప్రతి లింకూ కొత్త ట్యాబ్‌లో తెరిపిస్తే మంచిదేనా?

మా సైటు నుంచి వెళ్లిపోకూడదని అందరూ అదే కోరుకుంటారు. కానీ ఫోన్లో చూసేవాళ్లకు ట్యాబులు పేరుకుపోతాయి, వెనక్కి వెళ్లే బటన్ పనిచేయక విసుగొస్తుంది. సొంత పేజీలకు అసలు వద్దు. బయటి సైట్లకు, అదీ చదువరి మధ్యలో పని ఆపి చూడాల్సిన వాటికి మాత్రం పెట్టొచ్చు. అప్పుడు టార్గెట్ గడిలో '_బ్లాంక్' ఎంచుకుంటారు. తెరుచుకున్న పేజీ మీ పేజీని వేరే చోటికి మళ్లించే ప్రమాదం ఒకప్పుడు ఉండేది. అందుకే పాత పాఠాల్లో 'నోఓపెనర్' చేర్చమంటారు. కొత్త బ్రౌజర్లు ఆ పని వాటంతట అవే చేస్తున్నాయి. అయినా చేర్చితే నష్టం లేదు.

దుకాణానికి గూగుల్ మ్యాప్ లింకు ఏది పెట్టాలి?

మ్యాప్‌లో మీ దుకాణం తెరిచి 'షేర్' నొక్కితే వచ్చేది. పైన అడ్రస్ బార్‌లో ఉన్నదాన్ని కాపీ చేస్తే మీరు అప్పుడు చూస్తున్న కోణం, జూమ్ అన్నీ వచ్చేస్తాయి.

పీడీఎఫ్‌కు లింకు ఇస్తే జనం తెరవట్లేదు. ఏం చేయాలి?

లింకు మాటలోనే చెప్పేయండి: 'మొక్కల ధరల పట్టిక, పీడీఎఫ్, 2 ఎంబీ'. లంక గ్రామాల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. ఎంత దిగుతుందో తెలియని దాన్ని ఎవరూ నొక్కరు. పట్టిక చిన్నదైతే పీడీఎఫ్ మానేసి పేజీలోనే పెట్టండి.

## మార్పులు చేసేటప్పుడు

ఫైలు పేరు మార్చాను, లింకులన్నీ తెగిపోయాయి. ఇప్పుడెలా?

విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లి పేరు మార్చి ఉంటారు. అలా మార్చితే ఎడిటర్‌కు కబురే అందదు. ముందు పాత పేరు మళ్లీ పెట్టండి, లింకులు అతుక్కుంటాయి. ఆ తర్వాత ఎడిటర్ లోపల ఉన్న ఫైల్స్ ప్యానెల్‌లో పేరు మార్చండి. డ్రీమ్‌వీవర్ అయితే ఏయే పేజీల్లో లింకులు సరిచేయాలో జాబితా చూపించి అడుగుతుంది, 'అప్‌డేట్' నొక్కండి. ఫైలును ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి జరపడం కూడా ఇలా లోపలి నుంచే చేయాలి.

ఆ సదుపాయం లేని ఎడిటర్ అయితే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ గానీ, వీఎస్ కోడ్ గానీ తెచ్చుకోండి. రెండూ ఉచితం. ఫోల్డర్ మొత్తంలో పాత పేరు వెతికి కొత్త పేరు పెట్టే పని ఒక్క దెబ్బకి చేస్తాయి. ముందు సైటు ఫోల్డర్‌ను ఇంకోచోట కాపీ చేసి ఉంచుకోండి. వెతికే మాట మరీ చిన్నదిగా ఇవ్వకండి. 'వరి' అని వెతికితే 'గోదావరి' కూడా మారిపోతుంది.

మెనూలో ఒక్క లింకు మార్చడానికి ముప్పై పేజీలు తెరవాలా?

మెనూను ప్రతి పేజీలో విడిగా అతికిస్తే తెరవాల్సిందే. డ్రీమ్‌వీవర్‌లో టెంప్లేట్ (అన్ని పేజీలకూ ఉమ్మడి అచ్చు) చేసి మెనూ అందులో పెడితే ఒకచోట మార్చితే అన్ని పేజీల్లో మారుతుంది. వర్డ్‌ప్రెస్‌లో మెనూ ఎలాగూ వేరుగానే ఉంటుంది. టెంప్లేట్ వాడేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది: మారింది మీ కంప్యూటర్లోని పేజీలు. అవన్నీ మళ్లీ అప్‌లోడ్ చేస్తేనే బయటివాళ్లకు కనిపిస్తుంది.

వర్డ్‌లో టైప్ చేసుకున్న కోడ్ పేస్ట్ చేస్తే లింకు పనిచేయట్లేదు.

వర్డ్ నిటారు కోట్ గుర్తులను వంకర కోట్లుగా మార్చేస్తుంది. బ్రౌజర్ వాటిని కోట్లుగా గుర్తించదు, చిరునామాలో భాగం అనుకుంటుంది. కోడ్‌ను ఎప్పుడూ నోట్‌ప్యాడ్‌లోనే రాసుకోండి.

లింకు తర్వాత ఏం టైప్ చేసినా అదీ లింకైపోతోంది!

కర్సర్ ఇంకా లింకు లోపలే ఉంది. కుడి బాణం మీట ఒకసారి నొక్కి చూడండి. కుదరకపోతే సోర్స్ వ్యూలో, లింకును మూసే ట్యాగ్ దాటాక టైప్ చేయండి. మాట ఉంచి లింకు మాత్రమే తీసేయడానికి డ్రీమ్‌వీవర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎల్ మీటలు కలిపి నొక్కాలి.

## అప్‌లోడ్ చేశాక

మా కంప్యూటర్లో బాగానే ఉందండి, సైటులో నొక్కితే 404 (పేజీ దొరకలేదు) అంటోంది.

మూడు కారణాలు చూడండి. మొదటిది, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా. విండోస్‌కు ఆ పట్టింపు లేదు. వెబ్ సర్వర్లలో ఎక్కువ శాతం లినక్స్‌వి, వాటికి ఉంది. కెమెరా నుంచి దిగిన ఫొటోల పేర్లలో జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లింకులో చిన్న అక్షరాల్లో రాస్తారు. ఇంట్లో కనిపిస్తుంది, సైటులో కనిపించదు. రెండోది, ఫైలు అసలు అప్‌లోడ్ కాకపోవడం. 'డిపెండెంట్ ఫైల్స్' కూడా పంపమంటారా అని డ్రీమ్‌వీవర్ అడిగినప్పుడు సరే అన్నా, అది పేజీలోని ఫొటోలను, సీఎస్ఎస్‌ను పంపుతుంది గానీ, లింకు ఇచ్చిన వేరే పేజీలను పంపదు. మూడోది, ఫైలు వేరే ఫోల్డర్‌లో పడటం.

లింకు మార్చి అప్‌లోడ్ చేశా. ఇంకా పాతదే తెరుచుకుంటోంది.

బ్రౌజర్ పాత కాపీ దాచుకుంది. కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కండి. అప్పటికీ పాతదే వస్తే వర్డ్‌ప్రెస్‌లో గానీ, సైటు ఉంచిన హోస్టింగ్‌లో గానీ క్యాష్ (దాచుకున్న పాత కాపీలు) ఖాళీ చేసే బటన్ ఉంటుంది, చూడండి.

## ఆ తర్వాత

తెగిన లింకులన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూడాల్సిందేనా?

అవసరం లేదు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ వాళ్ల లింక్ చెకర్‌కు సైటు చిరునామా ఇస్తే జాబితా ఇస్తుంది. విండోస్‌లో జీనూ లింక్ స్లూత్ అనే పాత, ఉచిత ప్రోగ్రామ్ సైటంతా తిరిగి తెగినవాటిని ఎర్రగా చూపిస్తుంది. డ్రీమ్‌వీవర్‌లోనూ సొంత పరీక్ష ఉంది గానీ, అది లోపలి లింకులనే చూస్తుంది. బయటివాటిని జాబితా వేసి వదిలేస్తుంది.

పాత పేజీ తీసేయాలి. దాని లింకు చాలామంది దగ్గర ఉంది. ఏం చేయను?

పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్ పెట్టండి. హోస్టింగ్ ప్యానెల్‌లో 'రీడైరెక్ట్స్' అని ఉంటుంది. వర్డ్‌ప్రెస్ అయితే పోస్టు చిరునామా మారినా పాతది గుర్తుపెట్టుకుని తానే పంపుతుంది. పేజీల విషయంలో మాత్రం అలా గుర్తుపెట్టుకోదు, మీరే పెట్టుకోవాలి. విజిటింగ్ కార్డుల మీద, అట్టపెట్టెల మీద అచ్చయిన చిరునామాలను ఎప్పటికీ చావనివ్వకండి.

అచ్చులో గూగుల్ గూ.జీఎల్ చిన్న లింకు వాడి ఉంటే ఇప్పుడే నొక్కి చూడండి. 2019లోనే అందులో కొత్తవి చేసుకోనివ్వడం ఆపేశారు. వాడకం లేని పాతవాటిని 2025 ఆగస్టు నుంచి ఆపేయాలని నిర్ణయించారు.

లింకు తెరుచుకుంటోంది, కానీ అక్కడున్నది వేరే సంగతి. ఇదేం చిత్రం?

ఇదే అన్నిటికన్నా మాయదారి రకం, ఏ చెకరూ పట్టుకోలేదు. మన దగ్గర పెద్ద ఉదాహరణ జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం కోనసీమ జిల్లాకు కేంద్రమైంది, పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. అంతకుముందు చేసిన సైట్లలో అమలాపురం ఆఫీసుల కోసం తూర్పు గోదావరి జిల్లా సైటుకు ఇచ్చిన లింకు ఇంకా ఉంటే, తెరుచుకున్నా అది అమలాపురానికి పనికిరాదు. యానాం గురించి రాసేవాళ్లు కూడా చూసుకోండి. చుట్టూ ఉన్నది ఆంధ్రే అయినా యానాం పుదుచ్చేరిది, లింకు ఆ ప్రభుత్వ సైటుకు వెళ్లాలి.

ఇంకో రకం, గడువు తీరిన డొమైన్లు, అంటే సైట్ల పేర్లు. ఎవరో చందా కట్టడం మానేస్తారు, ఆ పేరు ఇంకెవరో కొనుక్కుని జూదం ప్రకటనలు పెడతారు. దేవాలయం గురించిన పేజీలో నొక్కితే పేకాట తెరుచుకుంటుంది. బయటి లింకులను ఏడాదికోసారి చేత్తో నొక్కి చూడక తప్పదు. సంక్రాంతికి ముందైతే బాగుంటుంది, ఊరికి వచ్చేవాళ్లు సైటు చూసేది అప్పుడే.

బయటి సైటే మూతపడింది. లింకు తీసేయాలా?

ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా వెతకండి. పాత కాపీ దొరికితే లింకును దానికి మార్చి, పక్కన 'పాత ప్రతి' అని రాయండి. దొరక్కపోతే లింకు తీసేసి మాట ఉంచండి. ముఖ్యమైన పేజీకి లింకు ఇస్తున్న రోజే అక్కడ 'సేవ్ పేజ్ నౌ' గడిలో ఆ చిరునామా ఇచ్చి ఒక కాపీ దాయించుకోవచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు.